ఏడో గుంత

దెయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఎవరు చూశారు? ఎంత దూరం నుంచి? చూసిన వెంటనే ఎక్కడైనా రాసుకున్నారా? మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చాలా దెయ్యాలు చచ్చిపోతాయి.

ఇరవయ్యేళ్లకు పైగా నేను చేస్తున్న పని ఇదే. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్లలో నిప్పుల మీద నడిచి చూపించాను. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించాను. చేతబడి చేసిందని ఒక ముసలావిణ్ని కొట్టబోతుంటే అడ్డం పడి ఆ దెబ్బలు నేను తిన్నాను. దేవుడు లేడు, దెయ్యం లేదు, ఆత్మ లేదు. ఈ మూడు మాటల్లో ఒక్క అక్షరం కూడా ఇవాళ వెనక్కి తీసుకోవడం లేదు. ఇది చదివి "చూశారా, చివరికి వాడు కూడా దారిలోకి వచ్చాడు" అని సంబరపడబోయేవాళ్లు కాస్త ఓపిక పట్టి ఆఖరి దాకా చదవాలి.

అయితే నాకు జరిగిన సంగతి ఒకటుంది. అది ఎందుకు జరిగిందో నేను చెప్పలేను. ఇదే ఇంకొకరికి జరిగి ఉంటే వీధిలో నిలబెట్టి అడిగేవాణ్ని. నాకు జరిగింది కదా అని దాచుకుంటే, ఇన్నాళ్లూ నేను తిట్టిన బాబాలకీ నాకూ తేడా ఏముంది? పైగా ఈ విషయంలో నేను ఒక కాగితం మీద తప్పు రాశాను. దాన్ని దిద్దుకోవాలి.

ముందు మా పెదనాన్న గురించి చెప్పాలి.

మాది మెట్ట. కృష్ణ అంత దగ్గర్లో పారుతున్నా మా చేలలో చాలావాటికి బోరే దిక్కు. బోరు వేయించే ముందు పాయింటు చూపించుకోవడం మా వైపు అలవాటు. పాయింటు చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ దానంతటదే లేచి నిలబడుతుందని నమ్మకం. ఇంజనీరింగు చదివిన పిల్లలున్న ఇళ్లలో కూడా ఇవాళ్టికీ ఇది జరుగుతోంది.

మా నాన్నకి అన్న, కోటయ్య పెదనాన్న, ఆ పనిలో పేరున్న మనిషి. ఆయనకో పద్ధతి ఉండేది. కాయ లేచిన చోట మేకు పాతి, చేను చుట్టి వెళ్లి, రెండోసారి పడమటి గట్టు నుంచి నడుచుకుంటూ వచ్చేవాడు. అప్పుడు కూడా ఆ మేకు దగ్గరే కాయ లేస్తేనే పాయింటు ఇచ్చేవాడు. లేకపోతే మేకు పీకేసి ఇంటికి వెళ్లిపోయేవాడు. ఒకవైపు నుంచే వస్తే భూమి అబద్ధం చెబుతుంది అనేవాడు. చిన్నప్పుడు ఆయన వెనకాల ఆ మేకులు మోసినవాణ్ని నేనే.

కాలేజీలో హేతువాద సంఘంలో చేరాక, నేను సవాలు చేసిన మొదటి మనిషి కూడా ఆయనే. ఇంట్లోవాణ్ని వదిలేసి ఊళ్లోవాళ్లని అడిగితే నాకు విలువేముంటుంది అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు.

నందిగామలో మా సంఘం పెద్ద అయిన సైన్సు మాస్టారికి ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది. అందులో పది గుంతలు తవ్వించాం. కొన్నిటిలో నీళ్లు నింపిన కుండలు, కొన్నిటిలో ఖాళీ కుండలు పెట్టి మట్టి కప్పేశాం. ఏ గుంతలో ఏముందో పూడ్చినవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లని పరీక్ష అయ్యేదాకా ఊళ్లో లేకుండా పంపేశాం. పద్ధతిలో లోపం లేదు. ఇవాళ చేసినా అలాగే చేస్తాను.

జనం బాగా వచ్చారు. పెదనాన్న తెల్ల పంచె కట్టుకుని, కాయ పట్టుకుని, పది గుంతల మీదా నడిచాడు. పదింటిలో నాలుగు ఒప్పయ్యాయి. బొమ్మా బొరుసూ వేసుకున్నా దాదాపు అన్నే వస్తాయి.

ఏడో గుంత దగ్గర మాత్రం ఆయన చాలాసేపు ఆగాడు. "ఇక్కడ నీళ్లు కాదు, ఇనుముంది" అన్నాడు. జనం నవ్వారు. మా కాగితంలో ఉన్నవి రెండే గడులు, నీళ్లు ఉన్నాయి, నీళ్లు లేవు. ఇనుముకి గడి లేదు. గుంత తవ్వితే కుండ నిండా నీళ్లున్నాయి. కుండ పైకెత్తి అందరికీ చూపించి, ఏడు ఎదురుగా తప్పు అని నేనే రాశాను. చప్పట్లు కొట్టారు.

ఫలితం చదివాక పెదనాన్న మా దగ్గరికి వచ్చాడు. కుండలో ఉన్న నీళ్లు తనకి తెలియవని, పారే నీళ్లే తెలుస్తాయని మాత్రం అన్నాడు. ఓడిన ప్రతివాడూ చెప్పే మాటే అని నేను మైకులో అన్నాను. ఆయన ఆ కాయని అక్కడే రాతి మీద కొట్టి, ముక్కలు చేసి అందరికీ పంచాడు. నా చేతిలో కూడా ఒక ముక్క పెట్టాడు. తిన్నాను. తియ్యగానే ఉంది.

ఆ రోజు తర్వాత ఆయన కాయ పట్టుకోలేదు. జగ్గయ్యపేటలో, ముక్త్యాల నుంచి సిమెంటు లారీలు వచ్చే రోడ్డు మీద, మోటార్ల వైండింగు షాపు పెట్టాడు. నీళ్లు చూపించడం మానేసి, నీళ్లు తోడే మోటార్లు బాగు చెయ్యడం మొదలుపెట్టాడు. నాతో మాట్లాడటం కూడా మానేశాడు. మా నాన్న పోయినప్పుడు వచ్చాడు, పాడె మోశాడు, నా పక్కనే నడిచాడు, ఒక్క మాట మాట్లాడలేదు. అలా పంతొమ్మిదేళ్లు.

నేను నీటి వనరుల మీద పై చదువు చదివి, తర్వాత ఒక సహాయ సంస్థలో చేరాను. యుద్ధాలు జరుగుతున్న పేద దేశాల్లో సలహాదారు ఉద్యోగం. పేరు పెద్దది గానీ పని నేల మీదే. ఊళ్లు వదిలి పారిపోయి వచ్చినవాళ్లకి గుడారాలు ఎక్కడ వెయ్యాలి, మరుగుదొడ్లు ఎక్కడ తవ్వాలి, ముందు ఎవరికి నీళ్లు అందాలి, ఏ దారిలో లారీ వెళ్లగలదు, ఏ దారిలో వెళ్తే తిరిగి రాదు. ఇవి చూసి చెప్పడం.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. యుద్ధంలో పుకారు తూటా కంటే ముందు చేరుతుంది. ఫలానా బావిలో విషం కలిపారని ఒక మాట పుడితే సాయంత్రానికి ఒక వాడ తగలబడుతుంది. అందుకని మా పనిలో ఏ సమాచారం రాసినా పక్కన అది ఎవరిచ్చారో రాసి తీరాలి. నాలాంటివాడికి ఇంతకంటే నచ్చే నియమం ఉంటుందా?

ఇక అసలు విషయం. దేశం పేరు రాయను, నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఆఫ్రికాలో తూర్పు వైపు అనుకోండి.

ఎర్రమట్టి మైదానంలో ఒక శిబిరం. నీళ్లకి ఆడవాళ్లు గంట నడిచి ఏటికి వెళ్లేవాళ్లు. ఏటికి అవతలి ఒడ్డున తుపాకులున్నాయి. ఆ ముందు వారం వెళ్లినవాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ల బిందెలు మాత్రం దొరికాయి. శిబిరంలో బోరు పడితే ఏటికి వెళ్లే పని ఉండదు. ఆ చుట్టుపక్కలకంతా ఉన్నది ఒక్కటే బోరు బండి. అది మాకు మూడు రోజులు దొరికింది. మూడో రోజు సాయంత్రం అది బయల్దేరి తీరాలి, ఎందుకంటే వానలు మొదలైతే ఆ మట్టి దారిలో బండి కదలదు. మళ్లీ వచ్చేది వానలు వెళ్లాకే.

మేం కొబ్బరికాయలు వాడం. భూమిలోకి కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా ప్రవహిస్తుందో కొలిచి, నీళ్లుండే పొరని లెక్కగడతాం. రెండు రోజుల ముందే కొలిచి ఒక చోటు ఎంచుకున్నాం. యుద్ధం జరిగిన నేల కాబట్టి, బాంబులు తీసే బృందం వచ్చి ఆ చోటంతా వెతికి, ఏమీ లేదని కాగితం ఇచ్చింది. మొదటి రోజు ఉదయం పదింబావుకి నా చేత్తోనే అక్కడ మేకు పాతాను.

పదీ యాభైకి నా ఫోను మోగింది. మా పెద్దమ్మ నంబరు. అక్కడికీ మనకీ రెండున్నర గంటల తేడా, మన దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. ఆ చోట సిగ్నలు ఉండటమే అరుదు. పెద్దమ్మకి ఏదో అయిందనుకుని ఎత్తాను.

"నేనురా, కోటయ్యని."

పంతొమ్మిదేళ్ల తర్వాత ఆ గొంతు. వెనక లారీ హారను వినపడుతోంది.

"నువ్వు ఇప్పుడే మేకు పాతావు గదా. దాని కింద ఇనుముంది. పెద్దది. బండి పెట్టించమాక."

ఎవరు చెప్పారు పెదనాన్నా అన్నాను. నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే, ఉద్యోగం అలవాటు.

"ఎవరో చెప్పేదేంది? ఎనిమిదడుగులు పడమరకి జరుపు. నీళ్లు అక్కడా ఉంటాయి. చెప్పా, ఇక నీ ఇష్టం." పెట్టేశాడు.

నేను వెంటనే నోటుబుక్కు తీసి టైము వేసి రాసుకున్నాను. "కో.పె. ఫోను. మేకు కింద ఇనుము, పెద్దది. 8 అ. పడమర." మూడో ప్రశ్న అందరినీ అడిగేవాణ్ని కదా. ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. ఫోనులో ఆ కాల్ గుర్తు కూడా ఉంచుకున్నాను.

అప్పటికే బోరు బండి మైదానంలోకి వస్తోంది. దాని మేస్త్రీ యోహానా, యాభై దాటిన మనిషి. డ్రిల్లు దిగుతున్నంతసేపూ గుంత పక్కన ఇనప సీటు మీద కూర్చుని పాటలు పాడేవాడు. రాయి తగిలిందో మట్టి తగిలిందో పాట మారే తీరు విని చెప్పొచ్చని మేం ఏడిపించేవాళ్లం. బండి మీద ఆయన కాక ఇంకో ముగ్గురు.

నేను పెదనాన్న మాట నమ్మలేదు. ఇది గట్టిగా రాస్తున్నాను. వయసు మీద పడి మతి తప్పిందనుకున్నాను. ఒకవేళ పాత పగతో ఆడుకుంటున్నాడేమో అని కూడా అనుకున్నాను. కానీ ఆ మేకుని చూస్తూ నిలబడితే ఇంకో ఆలోచన వచ్చింది. ఆయన మాట తప్పయితే నాకు పోయేది పరువు. ఒప్పయితే, ఆ ఇనప సీటు మీద కూర్చునేది నేను కాదు.

అయితే రెండో వైపు కూడా ఉంది. లోతుగా మళ్లీ వెతికించాలంటే ఆ బృందం ఇంకో శిబిరం నుంచి పెద్ద మిషను తేవాలి. కనీసం ఒకటిన్నర రోజు పోతుంది. ఈలోగా ఏదన్నా అడ్డం వస్తే బండి బోరు వెయ్యకుండానే వెళ్లిపోతుంది. అప్పుడు ఆ ఆడవాళ్లు వానలు వెళ్లేదాకా ఏటికే నడవాలి. వైండింగు షాపులో కూర్చున్న ఒక ముసలాయన మాట మీద నేను ఆ నిర్ణయం తీసుకోవచ్చా? ఇలాంటి మాట మీద ఇంకెవరైనా బండి ఆపి ఉంటే వాళ్ల ఉద్యోగం తీయించేవాణ్ని.

బండి ఆపమన్నాను.

యోహానా దిగి వచ్చి మేకు చుట్టూ ఒకసారి తిరిగాడు. "పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నావు సారూ. భూమి నీతో మాట్లాడిందా?" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

లోతు వెతుకులాట అడగడానికి ఒక ఫారం ఉంది. అందులో అడిగే మొదటి విషయం, సమాచారం ఎవరిచ్చారు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి "ఒక గ్రామ పెద్ద" అని రాశాను. పెదనాన్న మా ఊరి పెద్దల్లో ఒకడే. అక్షరాలా చూస్తే అబద్ధం కాదు. చదివినవాళ్లు మాత్రం పక్క ఊరి పెద్ద అనుకుంటారు, అలా అనుకోవాలనే రాశాను. జీవితమంతా నేను ఎండగట్టిన మోసం సరిగ్గా ఈ రకందే.

బాంబులు తీసే బృందానికి మార్తా అనే ఆవిడ నాయకురాలు. వాళ్ల దేశపు సైన్యంలో ఇంజనీరుగా చేసి వచ్చింది. ఏ ఊరి పెద్ద అని అడిగింది. పేరు బయటికి రావడం ఆయనకి ఇష్టం లేదన్నాను. ఆవిడ తల ఊపి మిషను కోసం కబురు పంపింది.

మర్నాడు మధ్యాహ్నానికి మిషను వచ్చింది. పైపైన వెతికే మిషనుకి ఒక అడుగు లోతు వరకే తెలుస్తుంది. ఇది ఇరవై అడుగుల దాకా చూస్తుంది. మేము దూరంగా, ఇసక మూటల వెనక నిలబడ్డాం. మార్తా మేకు దగ్గరికి వెళ్లింది, ఆగింది, మళ్లీ ఇంకోవైపు నుంచి నడిచి వచ్చింది. పడమటి వైపు నుంచి. అలా నడవడం వాళ్ల పద్ధతే, ఏ చోటైనా రెండు వైపుల నుంచి చూస్తారు. అది నాకు తెలుసు. అయినా ఆవిడ అలా నడిచి వస్తుంటే నా చేతిలో మేకులున్నట్టే అనిపించింది.

ఆవిడ చెయ్యెత్తింది.

మేకు కింద ఏడడుగుల లోతులో, విమానం నుంచి పడి పేలకుండా మట్టిలో దిగబడిపోయిన బాంబు. మనిషంత పొడుగు. డ్రిల్లు దిగాల్సింది సరిగ్గా దాని మీదికే.

శిబిరంలో ఆ వైపు గుడారాలన్నీ ఖాళీ చేయించారు. మూడో రోజు పదకొండింటికి దాన్ని నిర్వీర్యం చేసి, పైకి తీసి, లారీలో ఇసక మీద పడుకోబెట్టి తీసుకెళ్లిపోయారు. మేకున్న చోట పెద్ద గొయ్యి మిగిలింది. దానికి తూర్పున తవ్విపోసిన మట్టి. బండి నిలబెట్టడానికి గట్టి నేల పడమటి వైపే ఉంది. నేను అడుగులు కొలవలేదు. యోహానా బండి నిలబెట్టాక కొలిస్తే పాత మేకుకి ఎనిమిదడుగుల చిల్లర. మూడున్నరకి నీళ్లు పడ్డాయి. ఎర్రగా, తర్వాత తెల్లగా. ఆడవాళ్లు అరవలేదు, పరిగెత్తలేదు. బిందెలు తెచ్చి వరసలో పెట్టుకుని, వాటి పక్కన కూర్చున్నారు.

ఇంతటితో అయిపోయి ఉంటే నేను దీన్ని కాకతాళీయం అనేసి మర్చిపోయేవాణ్నేమో. మర్చిపోనివ్వనిది నేను ఫారంలో రాసిన ఆ రెండు మాటలు, గ్రామ పెద్ద.

ఏడడుగుల లోతులో ఉన్న బాంబు సంగతి చెప్పిన మనిషి అది పడటం కళ్లారా చూసి ఉండాలి. అలాంటివాడికి ఇంకా ఎక్కడెక్కడ పడ్డాయో కూడా తెలుస్తుంది. మార్తా ఆలోచన అది, సరైన ఆలోచన. నాకు చెప్పకుండా తన మనుషులతో చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగడం మొదలుపెట్టింది, ఆ గ్రామ పెద్ద కోసం. నాలుగో రోజు ఒక ఊళ్లో వీళ్లు గూఢచారులేమో అనుకుని జీపు మీద రాళ్లేశారు. డ్రైవరు నుదురు చీలింది. తొమ్మిది కుట్లు పడ్డాయి.

డ్రైవరుని చూసి వచ్చి, మార్తాకి అంతా చెప్పాను. కొబ్బరికాయ, పది గుంతలు, ఫోను. నోటుబుక్కు పేజీ చూపించాను. తెలుగు అంకెలు కావు కాబట్టి 8 ఆవిడకీ అర్థమైంది. నోటుబుక్కు మూసి నా చేతికిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

"సరే. ఆయనకి ఫోను చెయ్యి. ఇంకా మూడు శిబిరాలు చూడాలి" అంది.

వెటకారమో నిజమో ఇవాళ్టికీ నాకు తెలియదు. ఆవిడ ఎదురుగానే ఫోను చేశాను. పెదనాన్న ఎత్తాడు. ఇనుము దొరికిందని చెబితే ఊఁ అన్నాడు. వేరే చోట్ల సంగతి అడిగాను.

"నాకేం తెలుసురా. ఆ రోజు తెలిసింది, చెప్పా. ఇవాళ తెలీట్లేదు" అన్నాడు. నేను మార్తాకి ఆ మాట చెప్పాను. ఆవిడ ఫోను వైపు చూసి, ఇంతవరకూ ఈ పనిలో తను విన్న నిజాయితీ గల జవాబు ఇదొక్కటే అంది.

సెలవు మీద వచ్చినప్పుడు జగ్గయ్యపేట వెళ్లాను. పెదనాన్న షాపులో కింద కూర్చుని మోటారుకి రాగి తీగ చుడుతున్నాడు. చుట్లు లెక్కపెడుతున్నాడు, మధ్యలో ఆపితే మళ్లీ మొదట్నుంచీ చుట్టాలి. అయ్యేదాకా స్టూలు మీద కూర్చున్నాను. ఆయన లెక్క ముగించి, ముడి వేసి, అప్పుడు తల ఎత్తి, టీ తాగుతావా అన్నాడు. పంతొమ్మిదేళ్లకి అంతే.

నేను ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. ఆ రోజు ఏం చేస్తున్నావు, పక్కన ఎవరున్నారు, నేను బోరు పని మీద ఉన్నానని నీకెవరు చెప్పారు. ఇలాగే తీగ చుడుతున్నానని చెప్పాడు. కుడి అరచేతిలో కాయ లేచినప్పుడు ఎలా ఉంటుందో అలా అయిందట. చేతిలో కాయ లేదు, తీగ ఉంది. నేను మేకు పాతానని ఎలా తెలిసిందంటే, నువ్వు గాక ఇంకెవడు పాతుతాడురా అన్నాడు. నీకెవరు చెప్పారన్న ప్రశ్నకి విసుక్కున్నాడు.

"మళ్లీ పరీక్షేనా? సరే, ముందు నేనొకటి అడుగుతా. ఏడో గుంత తవ్వారా?"

కుండ తీశాం కదా అన్నాను.

"కుండ తీశారు. కుండ కింద తవ్వారా?"

తవ్వలేదు. నీళ్లున్నాయి కాబట్టి తప్పు అని రాసేశాను. ఇనుము ఉందని ఒక మనిషి నలుగురిలో చెబితే, ఉందో లేదో చూడకుండా కాగితం మడిచేశాను. ఇన్నేళ్లలో వందల వేదికల మీద ఆ పరీక్ష గురించి చెప్పాను. ఒక్కసారి కూడా ఈ సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి నందిగామ వెళ్లాం. మాస్టారి స్థలం ఇంకా ఖాళీగానే ఉంది. మాస్టారి దగ్గర అప్పటి కాగితం కూడా ఉంది, గోడ నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఏ గుంత ఉందో అందులో గీసి ఉంది. ఇద్దరు కూలీలని పెట్టి ఏడో గుంత తవ్వించాను. పెదనాన్న గోడ నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాస్టారు ఆయనకి పేపరు ఇస్తే చదవలేదు, గుంతనే చూస్తున్నాడు.

మూడడుగులు. ఏమీ లేదు. అయిదడుగులు. పలుగు దేనికో తగిలి ఖంగుమంది. నేను గుంతలోకి వంగి చూశాను. అది రాయి. ఏడడుగుల దాకా తవ్వించాను. పక్కలకి కూడా తవ్వించాను. ఒక మేకు లేదు, ఒక తీగముక్క లేదు. ఆ నేలలో ఇనుము లేదు.

నేను గట్టు మీద నిలబడి పెదనాన్న వైపు చూశాను. నిజం చెబుతున్నాను, అది దొరికి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఈయనకి ఏదో శక్తి ఉంది, దాన్ని ఎలా పరీక్షించాలి అని ఆలోచించుకునేవాణ్ని. దొరకలేదు కాబట్టి ఆయనకి ఏ శక్తీ లేదు అందామంటే, నోటుబుక్కులో ఆ పేజీ ఉంది.

ఆయన లేచి వచ్చి గుంతలోకి తొంగి చూశాడు. నవ్వాడు. ఆ నవ్వులో ఓటమి లేదు, ఎత్తిపొడుపు లేదు.

"లేదు గదా. అయితే తప్పే. రాసుకో" అన్నాడు.

ఆ పాత కాగితం మీద తప్పు అన్న మాట కింద, తవ్వి చూశాం అని రాసి తారీఖు వేశాను. పంతొమ్మిదేళ్ల తర్వాత ఆ పరీక్ష పూర్తయింది.

కూలీలు గుంత పూడుస్తుంటే పెదనాన్న కాలితో మట్టి తొక్కుతూ, నా వైపు చూడకుండా అడిగాడు. "అక్కడి నీళ్లు ఉప్పా, తీపా?"

"తీపే పెదనాన్నా."

"అది చాలు" అన్నాడు.

కారణాలు నేను వెతక్కపోలేదు. యుద్ధం జరిగిన నేలలో ఇనుముంటుందని ఎవరైనా ఊహించొచ్చు. నేను బోర్ల పని మీద తిరుగుతానని పెద్దమ్మకి ఎప్పుడో చెప్పే ఉంటాను. చుట్టుపక్కల ఎటు జరిపినా నీళ్లు పడేవని కొలతల్లోనే ఉంది, కాబట్టి ఆ ఎనిమిదడుగులు సాక్ష్యం కాదు. పంతొమ్మిదేళ్లలో ఒక్క ఫోను, అది మేకు పాతిన ముప్పై అయిదు నిమిషాలకి రావడం కాకతాళీయం కావచ్చు. ఒక్కొక్కటీ విడిగా ఒప్పుకోగలను. అన్నీ కలిసి ఒకే ఉదయం జరిగాయంటే ఒప్పుకోవడం నా వల్ల కావడం లేదు. అలాగని కొబ్బరికాయని నమ్మమంటే అదీ నా వల్ల కాదు. మీ చేలో బోరు వేయించుకోవాలంటే ఇవాళ కూడా మిషనుతో కొలిపించుకోమనే చెబుతాను. మా పెదనాన్న కూడా అదే చెబుతాడు, అడిగి చూడండి.

నేను చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది. ఆ ఫారాన్ని మార్చి మళ్లీ పంపాను. సమాచారం ఎవరిచ్చారు అన్న చోట "గ్రామ పెద్ద" కొట్టేసి దాని బదులు ఏం రాశానో అదే ఇక్కడా రాస్తున్నాను. మా పెదనాన్న కోటయ్య, జగ్గయ్యపేట నుంచి ఫోను చేసి చెప్పాడు. ఆయనకి ఎలా తెలిసిందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.